కిల్‌స్విచ్ ఎంగేజ్‌కి ఇద్దరు గాయకులా? మొదటి నుంచి ఎవరైనా చెప్పండి

కృష్ణాతీరం_19

అందరికీ నమస్కారం. ఈ వేదికలో నాకిది మొదటి పోస్ట్. ఊరు విజయవాడ, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. నలుగురం స్నేహితులం కలిసి చిన్న బ్యాండ్ పెట్టుకున్నాం. పాడేది నేను.

మొన్న రాత్రి హాస్టల్‌లో ఒకడు హెడ్‌ఫోన్స్ చేతికిచ్చి "ఇది విను" అన్నాడు. పాట పేరు "మై కర్స్", కిల్‌స్విచ్ ఎంగేజ్ అనే మెటల్ (బరువైన గిటార్ల రాక్) బ్యాండ్‌ది. మొదట గిటార్, తర్వాత అరుపు, ఆ వెంటనే పల్లవిలో నిండుగా, లోతుగా ఒక గొంతు. ఆ రాత్రి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. తెల్లారాక అదే బ్యాండ్‌వి వేరే పాటలు వెతికాను. "ఇన్ డ్యూ టైమ్" పెడితే గొంతు వేరు. సరే, పాతాయన వెళ్లిపోయి కొత్తాయన వచ్చుంటాడు అనుకున్నా. కానీ ఇంకా పాత పాట "మై లాస్ట్ సెరెనేడ్" వింటే అందులోనూ ఈ రెండో గొంతే ఉంది! అంటే ముందున్నాయన వెళ్లి మళ్లీ వచ్చాడా? ఎందుకు వెళ్లాడు? మధ్యలో వచ్చినాయన ఏమయ్యాడు? ఇంగ్లిష్‌లో ముక్కలు ముక్కలుగా చదివాను కానీ కథ మొత్తం ఒక వరసలో అర్థం కాలేదు. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

ఇంకో చిన్న సందేహం. ప్రాక్టీస్ చేసిన ప్రతిసారీ రెండు రోజులు నా గొంతు బొంగురుపోతోంది. మొదట్లో అందరికీ ఇంతేనా?

పాతక్యాసెట్

తమ్ముడూ, స్వాగతం. ఈ బ్యాండ్ గురించి మన భాషలో ఎవరైనా అడిగితే బాగుండని నేను చాలా ఏళ్లుగా చూస్తున్నాను. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదువు.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రానికి పడమటి వైపు వెస్ట్‌ఫీల్డ్ అని చిన్న ఊరుంది. ఒకప్పుడు అక్కడ గుర్రపు కొరడాలు తయారుచేసేవాళ్లు. అందుకే ఇప్పటికీ దానికి కొరడాల నగరం అనే పేరుంది. బోస్టన్‌లాంటి పెద్ద నగరం కాదు. 1990ల్లో ఆ చుట్టుపక్కల కుర్రాళ్లు చాలామంది హార్డ్‌కోర్ బ్యాండ్లు నడిపేవాళ్లు. పంక్ నుంచి పుట్టిన సంగీతం అది. చిన్న హాలు, వేదికకీ జనానికీ మధ్య కంచె ఉండదు, గాయకుడు మైకు ముందువరసకు చాపితే వాళ్లు పాడతారు. ఆ వాతావరణంలో రెండు బ్యాండ్ల పేర్లు గుర్తుపెట్టుకో: ఓవర్‌కాస్ట్, ఆఫ్టర్‌షాక్.

ఓవర్‌కాస్ట్‌లో బేస్ గిటార్ వాయించేది మైక్ డి'ఆంటోనియో. ఆఫ్టర్‌షాక్‌లో ఆడమ్ డట్కీవిచ్, గిటారిస్ట్ జోయెల్ స్ట్రోట్జెల్ ఉండేవాళ్లు. అందులో గాయకుడు ఆడమ్ సొంత అన్నదమ్ముడే, టోబియాస్. ఆ రెండు బ్యాండ్లూ ఆగిపోయాక 1999లో మైక్, ఆడమ్, జోయెల్ కలిశారు. పాడటానికి జెస్సీ లీచ్ వచ్చాడు. నువ్వు "మై లాస్ట్ సెరెనేడ్"లో విన్నది ఆయన్నే. ఎక్స్ ఫైల్స్ అనే టీవీ సీరియల్‌లో "కిల్ స్విచ్" అని ఒక ఎపిసోడ్ ఉంది, బ్యాండ్‌కి పేరు దాన్నుంచే తీసుకున్నారు.

వాళ్ల మొదటి ప్రదర్శన 1999 నవంబర్‌లో. ఎవరికి ముందు వాయించారో తెలుసా? ఇన్ ఫ్లేమ్స్‌కి. ఇది చిన్న విషయం కాదు. ఇన్ ఫ్లేమ్స్, ఎట్ ద గేట్స్ లాంటివి స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ బ్యాండ్లు. పాట ఎంత వేగంగా, ఎంత కర్కశంగా ఉన్నా దాని లోపల రెండు గిటార్లు కలిసి ఒక రాగం పాడుతున్నట్టే ఉంటుంది. మసాచుసెట్స్ కుర్రాళ్లు ఆ స్వీడన్ గిటార్‌ని తెచ్చి తమ హార్డ్‌కోర్‌లో కలిపారు. మెటల్, హార్డ్‌కోర్ కలిస్తే మెటల్‌కోర్. ఆ కలయికలో వీళ్లు వేసిన అడుగు ఏంటంటే పల్లవిని పాడటం. చరణంలో అరుపు, పల్లవిలో పాట. ఇప్పుడు వింటే ఇదేం కొత్త అనిపిస్తుంది. ఎందుకంటే తర్వాత వందల బ్యాండ్లు అదే పద్ధతి పట్టుకున్నాయి.

2000లో ఫెర్రెట్ మ్యూజిక్ అనే చిన్న సంస్థ నుంచి బ్యాండ్ పేరుతోనే మొదటి ఆల్బమ్ వచ్చింది. తర్వాత రోడ్‌రన్నర్ రికార్డ్స్ పిలిచింది. 2002 మే నెలలో "అలైవ్ ఆర్ జస్ట్ బ్రీతింగ్" వచ్చింది. నేనప్పుడు హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాను. సీనియర్ ఒకాయన సీడీలో కాపీ చేసి ఇచ్చాడు. దాన్ని మళ్లీ క్యాసెట్‌లోకి ఎక్కించుకుని వాక్‌మన్‌లో సిటీ బస్సులో వినేవాణ్ణి. అలాంటి అరుపుల్లో నిరాశ ఉంటుందనుకున్నా. కానీ జెస్సీ రాసే మాటల్లో లేచి నిలబడమనే మాటే ఎక్కువ. నన్ను పట్టుకున్నది అదే.

మిగతాది రేపు రాస్తా. ఈలోగా ఆ ఆల్బమ్ మొదటి నుంచి చివరిదాకా విను. పాటలు ముందుకు దాటేయకు.

డ్రాప్‌_సి

అన్న ఒకటి మర్చిపోయాడు. "అలైవ్ ఆర్ జస్ట్ బ్రీతింగ్"లో డ్రమ్స్ వాయించింది ఆడమే. అంటే ఈరోజు మనం లీడ్ గిటారిస్ట్‌గా చూస్తున్న మనిషే. ఆ రికార్డింగ్ అయ్యాక టామ్ గోమ్స్‌ని డ్రమ్స్ మీద కూర్చోబెట్టి ఆడమ్ గిటార్ పట్టుకున్నాడు. పైగా ఆ ఆల్బమ్‌కి ప్రొడ్యూసర్ (రికార్డింగ్ దగ్గరుండి నడిపించి ధ్వనిని తీర్చిదిద్దేవాడు) కూడా ఆయనే. బోస్టన్‌లో బర్క్‌లీ సంగీత కళాశాలలో చదివాడు. కిల్‌స్విచ్ సంగతి పక్కనపెట్టినా, అన్‌ఎర్త్ వాళ్ల "ది ఆన్‌కమింగ్ స్టార్మ్", ఆల్ దట్ రిమెయిన్స్ వాళ్ల "ద ఫాల్ ఆఫ్ ఐడియల్స్", ఆస్ట్రేలియా బ్యాండ్ పార్క్‌వే డ్రైవ్ మొదటి రెండు ఆల్బమ్‌లు, అన్నీ ఆయన చేతిమీదుగా వచ్చినవే. ఆ రోజుల్లో మెటల్‌కోర్ ఎలా వినిపించాలో సగం నిర్ణయించింది ఈయన చెవులేనని నా నమ్మకం.

ఆల్బమ్ అట్టల మీద బొమ్మలు చేసేది మైక్ డి'ఆంటోనియో. బయటివాళ్ల మీద ఆధారపడకుండా ఇంట్లోనే అన్నీ చేసుకునే రకం వీళ్లు.

తమ్ముడూ, మీ గిటారిస్ట్‌కి చెప్పు, ఈ పాటలు మామూలు ట్యూనింగ్‌లో రావు. అన్ని తీగలూ ఒక టోన్ దించి, ఆరో తీగ ఇంకో టోన్ దించాలి. అదే డ్రాప్ సి, నా పేరు కూడా. సన్నటి తీగలు వేస్తే వదులైపోయి బరబరమంటాయి, కొంచెం లావువి వేసుకోమను.

పాతక్యాసెట్

నిన్నటి నుంచి కొనసాగింపు.

ఆల్బమ్ వచ్చింది, పేరొచ్చింది, టూర్ల మీద టూర్లు. జెస్సీకి సరిగ్గా ఆ ఏప్రిల్‌లోనే పెళ్లయింది. కొత్త పెళ్లికొడుకు వ్యాన్‌లో ఊళ్లు తిరగాల్సి వచ్చింది. ఇంటిమీద బెంగ. దానికి తోడు గొంతు. సరైన పద్ధతిలో అరవడం ఇంకా పట్టుబడలేదు, ప్రతిరాత్రీ పాడి పాడి దెబ్బతింటోంది. పాడలేనేమోనన్న టెన్షన్ ఒకవైపు, లోపల డిప్రెషన్ మరోవైపు. ఇంకొన్ని రోజుల్లో మళ్లీ ప్రదర్శనలున్నాయనగా మిగతావాళ్లకి ఒక ఈమెయిల్ పెట్టి తప్పుకున్నాడు.

ఎదురుగా చెప్పకుండా ఈమెయిల్ పెట్టినందుకు వాళ్లకి బాధ కలిగింది. అది సహజం. కానీ నేను ఈ వయసులో ఆలోచిస్తే జెస్సీ మీద కోపం రాదు. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి నలుగురి ముందు నిలబడి "నావల్ల కావట్లేదు" అని చెప్పడం ఎంత కష్టమో దగ్గరివాళ్లలో చూశాను.

ఆయన స్థానంలో వచ్చినవాడే హోవర్డ్ జోన్స్. అంతకుముందు బ్లడ్ హాస్ బీన్ షెడ్ అనే బ్యాండ్‌లో పాడేవాడు. నువ్వు "మై కర్స్"లో విన్న గొంతు ఆయనదే. 2003లో అదే బ్యాండ్ నుంచి డ్రమ్మర్ జస్టిన్ ఫోలీ కూడా వచ్చేశాడు, ఎందుకంటే టామ్ గోమ్స్‌కి నిరంతరం తిరగడం కుదరలేదు. జస్టిన్ శాస్త్రీయ సంగీతం చదివినవాడు, హార్ట్‌ఫర్డ్‌లో హార్ట్ స్కూల్‌లో. ఆయన ఇప్పటికీ ఉన్నాడు.

2004 మే: "ది ఎండ్ ఆఫ్ హార్ట్‌ఏక్".

దీని గురించి నాకన్నా బాగా చెప్పేవాళ్లు ఇక్కడ ఉన్నారు, వాళ్లకి వదిలేస్తున్నా.

హోవర్డ్_పక్షం

నన్నే అంటున్నారని తెలుసు అన్నా, వచ్చేశా.

హోవర్డ్ రాకపోతే ఈ బ్యాండ్ పేరు మనదాకా వచ్చేది కాదు. "ది ఎండ్ ఆఫ్ హార్ట్‌ఏక్" అమెరికా ఆల్బమ్‌ల జాబితా బిల్‌బోర్డ్ 200లో 21వ స్థానంలో దిగింది. అమెరికాలో గోల్డ్ అయింది, అంటే 5 లక్షల కాపీలు. అరుపులున్న సంగీతానికి ఆ రోజుల్లో అది మామూలు సంగతి కాదు. టైటిల్ పాట రెసిడెంట్ ఈవిల్ రెండో సినిమా ఆల్బమ్‌లోకి వెళ్లింది, గ్రామీకి నామినేట్ అయింది.

"రోజ్ ఆఫ్ షారన్" పెట్టుకో. పల్లవి దగ్గర హోవర్డ్ ఎలా ఎక్కుతాడో చూడు. జెస్సీ పాడితే పక్కన నిలబడి భుజం తట్టినట్టుంటుంది. హోవర్డ్ పాడితే గుండె మీద చెయ్యి వేసినట్టుంటుంది. మెటల్ వేదికల మీద నల్లజాతి గాయకులు అప్పట్లో చాలా తక్కువ. ఆయన అక్కడ నిలబడి వేలమందితో పాడించాడు. నాకది గొప్ప విషయం.

2006 నవంబర్‌లో "యాజ్ డేలైట్ డైస్". "మై కర్స్" అందులోదే. గిటార్ హీరో 3 గేమ్‌లో కూడా ఆ పాట ఉంది. చాలామంది పిల్లలు ఈ బ్యాండ్‌ని అలా తెలుసుకున్నారు. ఆ కాలంలోనే డియో అనే పాత మెటల్ బ్యాండ్ పాడిన 1983 నాటి "హోలీ డైవర్"ని వీళ్లు మళ్లీ పాడారు. రాజులూ కత్తులూ ఉన్న ఆ వీడియో చూడకపోతే ఈరోజే చూడు.

ఇంకో సంగతి. ఇక్కడున్న చాలామంది వీళ్లని తెలియకుండానే విన్నారు. టెన్ స్పోర్ట్స్‌లో డబ్ల్యూడబ్ల్యూఈ చూసిన తరం మనది. రెజ్లర్ సీఎం పంక్ వచ్చేటప్పుడు 2011 దాకా మోగిన పాట గుర్తుందా? "దిస్ ఫైర్ బర్న్స్". అది కిల్‌స్విచ్ ఎంగేజ్, గొంతు హోవర్డ్‌ది. మా వీధిలో పిల్లలందరం ఆ పాట మొదలవగానే టీవీ ముందుకు పరుగెత్తేవాళ్లం. పాడింది ఎవరో తెలియడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

సన్‌రైజ్_సిటీ

అయ్యో, ఆ పాట వీళ్లదా!! నేను ఈ చర్చ ఊరికే చూస్తున్నా, మెటల్ అసలు వినను. ఇప్పుడు వెళ్లి వింటా.

డ్రాప్‌_సి

హోవర్డ్_పక్షం గారూ, లెక్క పూర్తిగా చెప్పండి. గ్రామీ నామినేషన్లు మొత్తం మూడు. ఒకటి హోవర్డ్ కాలంలో, రెండు జెస్సీ తిరిగొచ్చాక: "ఇన్ డ్యూ టైమ్"కి, "అన్‌లీష్డ్"కి. మూడింట్లోనూ గెలవలేదు, మోటర్‌హెడ్, బ్లాక్ సబ్బాత్, టూల్ తీసుకెళ్లారు. బిల్‌బోర్డ్‌లో అందరికన్నా పైకి వెళ్లింది 2016 నాటి "ఇన్‌కార్నేట్", 6వ స్థానం, జెస్సీతోనే. పేరు మనదాకా రావడానికి ఒక్కరే కారణం అనడం సరికాదు.

హోవర్డ్_పక్షం

ఆ మెట్లు కట్టింది ఎవరు మరి? 2009 ఆల్బమ్ 7వ స్థానానికి వెళ్లింది, అది హోవర్డ్‌తోనే. కట్టిన ఇంట్లోకి జెస్సీ తిరిగొచ్చాడు.

డ్రాప్‌_సి

పునాది వేసింది కూడా ఆయనేగా. "మై లాస్ట్ సెరెనేడ్" లేకుండా "రోజ్ ఆఫ్ షారన్" ఎక్కడినుంచి వస్తుంది?

నిర్వాహకుడు

మిత్రులారా, ఇద్దరి మాటలోనూ అభిమానమే ఉంది. కానీ తమ్ముడు అడిగింది కథ. హోవర్డ్ ఎందుకు వెళ్లాడో ఎవరైనా చెప్పండి. ఎవరు గొప్ప అనే వాదన ఇక్కడితో ఆపుదాం.

పాతక్యాసెట్

నేను చెబుతాను. ఈ భాగం రాయడానికి కొంచెం మనసు బరువెక్కుతుంది.

2010 మొదట్లో హోవర్డ్ టూర్ మధ్యలో తప్పుకోవాల్సి వచ్చింది. ఆ ప్రదర్శనలకి ఆల్ దట్ రిమెయిన్స్ గాయకుడు ఫిల్ లబాంట్ వచ్చి పాడాడు. కొన్నింటికి జెస్సీ లీచ్ కూడా వచ్చాడు. అప్పటికి ఆయన తప్పుకుని ఎనిమిదేళ్లు. 2012 జనవరిలో హోవర్డ్ పూర్తిగా తప్పుకున్నాడని ప్రకటించారు. టైప్ 2 డయాబెటిస్ ఉందని, దాన్ని అదుపులో పెట్టుకోవాల్సి వచ్చిందని తర్వాత ఆయనే చెప్పాడు.

మన ఇళ్లల్లో షుగర్ అంటే ఏంటో ఎవరికీ వివరించక్కర్లేదు. మా నాన్నగారికి ఇరవై ఏళ్లుగా ఉంది. వేళకి తిండి, వేళకి మాత్ర, వేళకి నిద్ర. బస్సులో పడుకుని, అర్ధరాత్రి దొరికింది తిని, రోజుకో ఊళ్లో గంటన్నర గొంతు చించుకుని పాడే మనిషికి ఆ వేళలు ఎక్కడ కుదురుతాయి? అప్పట్లో హోవర్డ్‌కి ఆసక్తి పోయిందని రాసినవాళ్లున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ సంగతి తెలిశాక చాలా రోజులు బాధపడ్డాను.

ఇక జెస్సీ తిరిగి రావడం వెనక ఒక ఆస్పత్రి మంచం ఉంది. 2007లో ఆడమ్‌కి ఇంగ్లండ్‌లో ఉండగా నడుముకి అత్యవసరంగా ఆపరేషన్ చేశారు. ఆ మంచం మీద పడుకుని పాటలు అల్లడం మొదలుపెట్టాడు. అవి కిల్‌స్విచ్ పాటల్లా లేవు, తన లోపలి బాధ అది. పాడటానికి ఎవరిని పిలిచాడు? ఈమెయిల్ పెట్టి వెళ్లిపోయిన జెస్సీనే. ఆ జంట పేరు టైమ్స్ ఆఫ్ గ్రేస్, 2011లో "ద హిమ్ ఆఫ్ ఎ బ్రోకెన్ మ్యాన్" ఆల్బమ్ వచ్చింది. హోవర్డ్ వెళ్లేనాటికి ఆడమ్, జెస్సీ మధ్య దారి అలా తెరిచే ఉంది. 2012 ఫిబ్రవరిలో జెస్సీ తిరిగొచ్చాడు. 2013 ఏప్రిల్‌లో "డిసార్మ్ ద డిసెంట్" వచ్చింది. సంగీతం చాలావరకు అప్పటికే సిద్ధంగా ఉంది, ఆయన వచ్చి మాటలు రాసి పాడాడు.

హోవర్డ్ కూడా ఆగిపోలేదు. డెవిల్ యు నో అనే బ్యాండ్ పెట్టాడు, అదే తర్వాత లైట్ ద టార్చ్ అయింది.

వాక్_లత

నమస్కారం. నేను హైదరాబాద్‌లో స్పీచ్ థెరపిస్ట్‌ని. మెటల్ అభిమానిని కూడా, అందుకే ఈ వేదికలో ఉన్నాను. అందరూ బ్యాండ్ గురించి రాస్తున్నారు గానీ తమ్ముడు మొదటి పోస్ట్ చివర రాసిన రెండు వాక్యాలు ఎవరూ పట్టించుకోలేదు.

కృష్ణాతీరం, ప్రాక్టీస్ చేసిన ప్రతిసారీ రెండు రోజులు గొంతు బొంగురుపోవడం "మొదట్లో అందరికీ ఇంతే" అని వదిలేసేది కాదు. స్వర తంత్రులంటే గొంతులో రెండు సన్నటి మడతలు. మాట్లాడినా పాడినా సెకనుకి వందల సార్లు ఒకదానికొకటి తగులుతాయి. వాటిని బలంగా ఒత్తి అరిస్తే వాస్తాయి. వాపు తగ్గకముందే మళ్లీ అరిస్తే అక్కడ గట్టిపడి చిన్న కణుతులు కడతాయి. అరుపు బాగా తెలిసిన గాయకులు ఆ శబ్దాన్ని ఎక్కువగా స్వర తంత్రులకి కాస్త పైనుండే ఇంకో జత మడతల నుంచి తీస్తారు. గాలి పొట్ట నుంచి రావాలి, మెడ నరాలు బిగుసుకోకూడదు. బయటికి భయంకరంగా వినిపించినా లోపల అంత ఒత్తిడి ఉండదు. నొప్పి పుడుతోందంటే పద్ధతి తప్పు అని అర్థం.

జెస్సీ లీచ్ కథ మళ్లీ ఇటువైపు నుంచి చూడు. 2002లో గొంతు ఇబ్బంది పెట్టింది. 2018లో స్వర తంత్రులకి ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్లు పూర్తిగా మౌనం, మళ్లీ మాట్లాడటం, పాడటం, అరవడం మొదటి నుంచి నేర్చుకోవడం. నలభై ఏళ్లు నిండబోతున్న మనిషి, అంత పేరున్న గాయకుడు, చంటిపిల్లాడిలా శబ్దాలతో మొదలుపెట్టాడు. 2019 ఆగస్ట్‌లో వచ్చిన "అటోన్‌మెంట్" దాని తర్వాత పూర్తయిన ఆల్బమ్. నా దగ్గరికి వచ్చే టీచర్లకి, పాడేవాళ్లకి ఇది చెబుతుంటాను.

నువ్వు ఒక నెల అరవడం ఆపేయి. మంచినీళ్లు బాగా తాగు. గొంతు సవరించుకునే అలవాటుంటే మానేయి. గుసగుసగా కూడా మాట్లాడకు, దానివల్ల కూడా శ్రమే. బొంగురు రెండు మూడు వారాలైనా పోకపోతే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర కెమెరాతో చూపించుకో. నేను ఇక్కడ కూర్చుని నీ గొంతు చూడలేను కదా.

కృష్ణాతీరం_19

అక్కా, చాలా థ్యాంక్స్. నిజం చెప్పాలంటే రెండు రోజులు అని తక్కువ చేసి రాశాను. ఈమధ్య గొంతు పూర్తిగా మామూలుగా ఉన్న రోజే లేదు. వచ్చే నెల కాలేజీ ఫెస్ట్ ఉంది, అందుకే ఎవరికీ చెప్పలేదు. రేపే వెళ్తాను.

వాక్_లత

తప్పకుండా వెళ్లు. ఏం చెప్పారో ఇక్కడ రాయి.

వూస్టర్_వాసి

ఆలస్యంగా చూశాను. నేను మసాచుసెట్స్‌లోనే ఉంటాను, వూస్టర్‌లో. చదువుకి వచ్చి ఉద్యోగంలో స్థిరపడ్డాను. ఇక్కడ మన తెలుగు విద్యార్థులు చాలామందే ఉంటారు. కానీ డౌన్‌టౌన్‌లో ఉన్న పల్లేడియం అనే పాత థియేటర్ గురించి వాళ్లలో ఎక్కువమందికి తెలియదు.

వెస్ట్‌ఫీల్డ్ నుంచి ఇక్కడికి కారులో గంట పైచిలుకు. న్యూ ఇంగ్లండ్ మెటల్ అండ్ హార్డ్‌కోర్ ఫెస్టివల్ 1999లో మొదలైంది ఈ ఊళ్లోనే. పాతక్యాసెట్ గారు చెప్పిన ఆ గుంపంతా, షాడోస్ ఫాల్, అన్‌ఎర్త్, ఆల్ దట్ రిమెయిన్స్, అందరూ ఈ చుట్టుపక్కల పెరిగినవాళ్లే. ఒకరి బ్యాండ్‌లోంచి ఇంకొకరి బ్యాండ్‌లోకి మనుషులు మారుతుంటారు. ఓవర్‌కాస్ట్ గాయకుడు బ్రయన్ ఫెయిర్ షాడోస్ ఫాల్‌లోకి వెళ్లాడు. షాడోస్ ఫాల్‌లో అంతకుముందు పాడిన ఫిల్ లబాంట్ బయటికొచ్చి ఆల్ దట్ రిమెయిన్స్ పెట్టాడు. ఆ ఫిల్లే 2010లో కిల్‌స్విచ్‌కి ఆపద్ధర్మంగా పాడింది. ఒక వీధిలో ఒకరింటి పెళ్లికి పక్కింటివాళ్లు వడ్డన చేసినట్టే ఉంటుంది నాకు.

నేను మొదటిసారి పల్లేడియంకి ఒక్కణ్ణే వెళ్లాను. లోపల పాత నాటకశాల, పైన బాల్కనీ, కింద జనం గుండ్రంగా తిరుగుతూ ఒకరినొకరు తోసుకుంటున్నారు. భయమేసి గోడకి ఆనుకుని నిలబడ్డా. ఒక కుర్రాడు పడిపోయాడు. అంతే, క్షణంలో చుట్టూ ఉన్న నలుగురు ఆగి చేతులు పట్టి లేపి, వాడి కళ్లజోడు వెతికిచ్చి, మళ్లీ తోసుకోవడం మొదలుపెట్టారు. దేశం వచ్చిన కొత్తలో అంత పరాయితనంగా ఉన్న నాకు ఆ దృశ్యం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

2021 ఆగస్ట్‌లో, కరోనా ఇంకా పూర్తిగా పోని రోజుల్లో, కిల్‌స్విచ్ వాళ్లు అదే పల్లేడియం నుంచి ఆన్‌లైన్‌లో ప్రసారం చేశారు. ఎదురుగా జనం లేరు. "అటోన్‌మెంట్" మొత్తం, ఆ తర్వాత 2000 నాటి మొదటి ఆల్బమ్ మొత్తం వాయించారు. 2022లో "లైవ్ ఎట్ ద పల్లేడియం"గా విడుదల చేశారు. ఇరవై ఏళ్ల కిందట ఇరవైల్లో రాసుకున్న పాటలు, ఖాళీ హాల్లో, సొంత ఊరి పక్కన. మా అపార్ట్‌మెంట్ నుంచి ఆ థియేటర్ పది నిమిషాలు. నేను ఫోన్‌లో చూస్తూ కూర్చున్నా.

హోవర్డ్_పక్షం

"అటోన్‌మెంట్" మాట వచ్చింది కాబట్టి. అందులో "ద సిగ్నల్ ఫైర్" అనే పాట ఉంది. జెస్సీ, హోవర్డ్ ఇద్దరూ కలిసి పాడారు. ఒకరి స్థానంలో ఒకరు వచ్చిన ఇద్దరు గాయకులు! వీడియోలో ఒకే చోట నిలబడి మొహాలు మొహాలు చూసుకుంటూ అరుస్తారు. డ్రాప్‌_సి గారితో అంత వాదించాను గానీ, ఆ ఇద్దరికీ లేని పేచీ మనకెందుకు అని నిన్న రాత్రి మళ్లీ చూసినప్పుడు అనిపించింది. మీ మాట కాదన్నందుకు ఏమీ అనుకోకండి.

డ్రాప్‌_సి

అయ్యో, అందులో అనుకోవడానికేముంది. "రోజ్ ఆఫ్ షారన్" నేర్చుకునే కదా నేను గిటార్ మొదలుపెట్టింది.

ఆ ఆల్బమ్‌లోనే "ఐ యామ్ బ్రోకెన్ టూ" కూడా వినండి. డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవాళ్ల కోసం జెస్సీ రాసింది. ఆ పాట మీద వచ్చిన డబ్బులో కొంత ఆత్మహత్యల నివారణకి పనిచేసే స్వచ్ఛంద సంస్థకి ఇచ్చారు. 2002లో ఎవరికీ చెప్పుకోలేక ఈమెయిల్ పెట్టిన మనిషి ఇప్పుడు వేదికమీద పాటకీ పాటకీ మధ్య దాని గురించే మాట్లాడతాడు.

దాని తర్వాతి ఆల్బమ్ 2025 ఫిబ్రవరిలో వచ్చింది, "దిస్ కాన్సిక్వెన్స్", మెటల్ బ్లేడ్ రికార్డ్స్ నుంచి. ముందుదానికీ దీనికీ మధ్య ఐదున్నరేళ్లు. "ఫరెవర్ అలైన్డ్" వినండి, ఆ గొంతులో ఆపరేషన్ జాడ వెతికినా దొరకదు.

సన్‌రైజ్_సిటీ

"దిస్ ఫైర్ బర్న్స్" విన్నా. అక్కడినుంచి "మై కర్స్", అక్కడినుంచి "ది ఎండ్ ఆఫ్ హార్ట్‌ఏక్". అరుపులు ఇంకా అలవాటు కాలేదు కానీ పల్లవులు మాత్రం పొద్దుటి నుంచి నోట్లోనే ఉన్నాయి. పాతక్యాసెట్ గారూ, ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టమంటారు?

పాతక్యాసెట్

పల్లవులు నచ్చాయి కాబట్టి "యాజ్ డేలైట్ డైస్"తో మొదలుపెట్టండి. తర్వాత "ది ఎండ్ ఆఫ్ హార్ట్‌ఏక్". చెవి అలవాటయ్యాక "అలైవ్ ఆర్ జస్ట్ బ్రీతింగ్". 2000 నాటి మొదటి ఆల్బమ్ ఇప్పుడే వద్దు, అది ముడిసరుకు. ఈ బ్యాండ్ మీద ప్రేమ పుట్టాక బాగుంటుంది.

కృష్ణాతీరం_19

పదమూడు రోజుల తర్వాత రాస్తున్నాను.

ఈఎన్‌టీ డాక్టర్ కెమెరాతో చూశారు. రెండు వైపులా చిన్న కణుతులు మొదలయ్యాయన్నారు. ఇప్పుడే కాబట్టి ఆపరేషన్ అక్కర్లేదు, గొంతుకి విశ్రాంతి, తర్వాత స్పీచ్ థెరపీ చాలన్నారు. మూడు నెలలు అరవకూడదు. ఫెస్ట్‌లో పాడటం కుదరదు.

బ్యాండ్ వాళ్లకి ఎలా చెప్పాలో అర్థం కాక మెసేజ్ టైప్ చేశాను. పంపేముందు జెస్సీ ఈమెయిల్ గుర్తొచ్చి తుడిచేశాను. సాయంత్రం ముగ్గురినీ క్యాంటీన్‌కి పిలిచి, డాక్టర్ రాసిన కాగితం బల్లమీద పెట్టి, తక్కువ గొంతుతో అంతా చెప్పాను. మా డ్రమ్మర్‌కి ముందు కోపమొచ్చింది, ఇన్నాళ్లు ఎందుకు దాచావని. తర్వాత వాడే వెళ్లి నాకు వేడినీళ్లు తెచ్చాడు. ఫెస్ట్‌కి మా జూనియర్ ఒకడు పాడతాడు. వాడి గొంతు బాగుంటుంది, నాకన్నా లోతుగా ఉంటుంది. వాడికి ఊపిరి ఎలా పట్టాలో అక్క రాసిందంతా చదివి వినిపించాను.

నేను రెండో గిటార్. ఆరో తీగ సి దాకా దించాను, లావు తీగలే వేశాను డ్రాప్‌_సి అన్నా. "మై లాస్ట్ సెరెనేడ్" మొదటి రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) సగం వేగంలో వస్తోంది. కుడిచేయి ఇంకా తడబడుతోంది, దానికేమైనా చిట్కా ఉంటే చెప్పండి.

డ్రాప్‌_సి

మెట్రోనోమ్ (తాళం టిక్ టిక్‌మని కొట్టే యంత్రం) పెట్టుకుని ఇప్పుడున్న సగం వేగంలోనే వారం రోజులు వాయించు. అరచేతి అంచు గిటార్ బ్రిడ్జి (తీగలు కింద ఆనే చోటు) మీద తేలిగ్గా ఆనాలి, నొక్కకూడదు. ఒక వీడియో తీసి ఇక్కడ పెట్టు, చూసి చెబుతా.